మలుపున కారు నిలుకడ

స్ప్రింగులు ఎంత గట్టివైన మలుపున కారు అంత స్థిరముగా నుండునని మోటారు పనివారిలో ననేకుల నమ్మకము. పందెపు కార్లను జూచి యిది కలిగియుండవచ్చును. గత వర్షాకాలమున మా యింటి చిన్నకారును సవరింప బూనినప్పుడు మేమీ విషయమును కొంత శ్రద్ధతో పరిశీలించితిమి. మా తండ్రిగారు మనుమలను వెనుకసీటున గూర్చుండబెట్టుకొని విశాఖపట్టణము నుండి అనంతగిరి ఘాటు మీదుగా అరకునకు తరచుగా బోవుచుందురు. తడిసిన మలుపులలో కారు ముందుభాగము త్రిప్పిన దారిని వీడి అంచువైపునకు జరుగుచున్నదని వారు చెప్పిరి. ఆ మార్గము నెరిగినవారికి అంచనగా నేమో వేరుగ జెప్పనక్కరలేదు.

విద్యార్థులారా, ముందుగా టైరు స్వభావమును గ్రహింపుడు. మలుపు తిరుగునప్పుడు భారము లోపలి చక్రముల నుండి వెలుపలి చక్రముల మీదికి మారును. ముందు రెండు చక్రములపై చెరి 250 కిలోల భారమున్నదనుకొందము. మలుపున వెలుపలిది 400, లోపలిది 100 కిలోలు మోయుననుకొందము. మొత్తము మారలేదు. కాని టైరు పట్టు భారముతో సమానముగా పెరుగదు. లోపలి చక్రము కోల్పోయినంత పట్టును వెలుపలి చక్రము సంపాదింపజాలదు. కావున ఆ జత మొత్తము పట్టు తగ్గును. ముందు స్ప్రింగులను గాని, ఎడమ కుడి చక్రములను గలుపు యాంటీరోల్ బారను ఉక్కుకడ్డీని గాని గట్టిచేసినచో, ముందుజత మీద ఈ మార్పు హెచ్చి, ముందుభాగమే మొదట జారును. వెనుక గట్టిచేసినచో వెనుకభాగము జారును. మొదటిదానిని అండర్‌స్టీర్ అనియు, రెండవదానిని ఓవర్‌స్టీర్ అనియు నందురు. సవరించువాడు తెలిసికొనవలసినది ఏ కొన ముందుగా పట్టు విడుచుచున్నదో.

ఇందులకై యజమాని యనుమతితో ఒక ఖాళీ సిమెంటు ఆవరణమున 20 మీటర్ల వ్యాసార్ధముతో సున్నపు వృత్తము గీచి, దాని వెంబడి గంటకు 20, 25, 30, 35 కిలోమీటర్ల వేగమున కారును నడిపితిమి. వేగము రెట్టింపైన ప్రక్కకు లాగు బలము నాలుగు రెట్లగును గదా! వేగము హెచ్చినకొలది స్టీరింగును మరింత త్రిప్పవలసివచ్చెను. తండ్రిగారి మాట నిజము. టైర్ల గాడులు బాగుగనే యుండెను. గాలి కొలిచి చూడగా ముందు చదరపుటంగుళమునకు 24 పౌనులు, వెనుక 33 పౌనులు తేలెను. తలుపు చట్రముపై నంటించిన కాగితమున నాల్గింటికిని 30 అని యుండెను. ఆ ప్రకారము నింపి మరల తిరుగగా స్టీరింగు చాలవరకు తేలికపడెను. దీనికైన ఖర్చు శూన్యము.

మేస్త్రి యంతటితో తృప్తి నొందలేదు. "అయ్యగారూ, వెనుక లావుపాటి కడ్డీ వేసి చూడండి, బాణంలా తిరుగుతుంది" అనెను. వేయించితిమి. నిజముగనే తిరిగెను. కాని 35 కిలోమీటర్ల వేగమున హఠాత్తుగా ఆక్సిలరేటరు విడువగా బరువు ముందునకు మొగ్గి, వెనుకభాగము తోకవలె ప్రక్కకు విసరబడెను. పందెగాండ్ర కిది కోరదగిన గుణమే. మనుమలతో ఘాటు దిగు వృద్ధునకు గాదు. ఆనాడే ఊడదీయించితిమి.

ఒక కడ్డీకిని, పిడికెడు గాలికిని ఇంత ప్రాముఖ్యమా యని కొందరికి దోచవచ్చును. 1959లో అమెరికాలో వెలువడిన షెవ్రోలె కార్వెయిర్ అను కారునకు ఇంజను వెనుక నుండెను. వెనుకభాగము ముందుగా జారకుండుటకై ముందు టైర్లలో 15, వెనుకవానిలో 26 పౌనుల గాలి యుంచవలెనని నిర్మాతలు నిర్దేశించిరి. మా కారున దోషమైన భేదమే ఆ కారునకు రక్షణ! నాల్గింటికిని సమముగా గాలి కొట్టినచో ఆ రక్షణ పోవును. 1964 మాదిరికి ముందు కడ్డీ చేర్చిరి. 1965 మాదిరికి వెనుక నిర్మాణమునే మార్చిరి. ఆ 1965లోనే రాల్ఫ్ నేడర్ తన గ్రంథమున పాత కార్వెయిర్‌ను తీవ్రముగా ఖండించెను. ఆ కాలపు తక్కిన కార్లకంటె నిది యెక్కువ ప్రమాదకరము గాదని 1972లో ప్రభుత్వ నివేదిక తేల్చినది. ఎవరి పక్షము న్యాయమైనను, కడ్డీ చేర్చుట మాత్రము మాకు మంచిపనిగనే దోచుచున్నది.

పిమ్మట నొక వానదినమున మా తండ్రిగారు అరకు పోయివచ్చిరి. కారెట్లున్నదని యడిగితిమి. పిల్లలు దారిపొడవునా నిద్రపోయిరని చెప్పి, మా గాలికొలత పరికరమును తమ సంచిలో వేసికొనిరి.