అక్క లాగ్‌బుక్

మొన్న సంక్రాంతి సెలవుల్లో ఇంట్లో రెండు రోజులే ఉన్నాను. మా పెదనాయిన బిడ్డ ఆదిలాబాద్ దిక్కు ఒక సర్కారు దవాఖానలో పనిచేస్తున్నది. పండుగకు రాలేదని అవ్వ సకినాల డబ్బా కట్టిస్తే, అది పట్టుకొని బస్సెక్కాను.

అక్క గైనిక్ పీజీ. పీజీ చదివే డాక్టర్లు మూడు నెలలు జిల్లా ఆస్పత్రుల్లో పనిచేసి తీరాలి. దాన్నే జిల్లా రెసిడెన్సీ అంటారు. ఊళ్లో "డాక్టరమ్మ" అని గొప్పగా చెప్పుకుంటాం గాని, ఆ మనిషిని చూస్తే నాకు జాలేసింది. రాత్రి పదకొండింటికి గదికొచ్చి, ఒక సకినం నోట్లో వేసుకొని, "తమ్మీ, జర కంప్యూటర్ తెరువురా" అన్నది.

ఆ కంప్యూటర్లో ఉన్నది ఆమె లాగ్‌బుక్. జాతీయ వైద్య కమిషన్ 2023 నిబంధనల ప్రకారం పీజీలు తాము చేసిన పనంతా ఈ-లాగ్‌బుక్‌లో ఎక్కించాలి, దాన్ని అధ్యాపకులు చూసి మదింపు చెయ్యాలి. ఆమె తెర మీద ప్రతి కేసుకూ నాలుగు మెట్లున్నాయి: చూశాను, సాయం చేశాను, పెద్దలు పక్కనుండగా చేశాను, సొంతంగా చేశాను. అక్కడ సిగ్నల్ సంగతి అడగకండి! అందుకే అక్క ముందు నోట్‌బుక్కులో రాసుకొని, నెట్ వచ్చినప్పుడు ఎక్కిస్తుంది. ఆమె చెప్తుంటే నేను టైపు కొట్టాను.

ఏడో కేసు సిజేరియన్. "సాయం అని కొట్టు" అన్నది.

"రాత్రంతా నిలబడ్డవు గదా అక్కా, చేశానని కొట్టనా? ఎవరు చూస్తరు?"

"కోత పెట్టింది మేడం. నేను పైకుట్లే వేసిన. నాకింకా చెయ్యి తిరగలేదురా. తిరిగిందని రాస్తే, రేపు నన్నొక్కదాన్నే వదిలేస్తరు."

నాకు నాయిన యాదికొచ్చిండు. మా భూమి లెక్క కంప్యూటర్లోకి ఎక్కినప్పుడు, ఎకరం ఇరవై గుంటలు కాస్తా ఎకరం రెండు గుంటలైంది. ఒక్క సున్న! పోయిన ఆ పద్దెనిమిది గుంటల కోసం ఏడాదిన్నర తిరిగిండు. ఆ సున్న ఎగరగొట్టినవాణ్ణి నేను ఎన్ని తిట్లు తిట్టానో.

మారు మాట్లాడకుండా "సాయం" అని కొట్టాను.

ఒక్కటి మాత్రం ఉండబట్టలేక అడిగాను: "నిలబడ్డ గంటలకు గడి లేదా?" అక్క నవ్వింది. అమెరికాలో రెసిడెంట్లకు 2003 నుంచి వారానికి సగటున 80 గంటల హద్దు ఉన్నది, అదే ఎక్కువనిపిస్తుంది. మన 2023 నిబంధనల్లో పనిగంటలు సహేతుకంగా ఉండాలన్నారే గాని అంకె వెయ్యలేదు. అంకె లేని కొలతను మా ఫిజిక్స్ ల్యాబ్‌లో రికార్డు రాస్తే మాస్టారు సంతకం పెట్టరు.

రెండింటికి ఫోన్ మోగింది. ఎవరికో నొప్పులు. కొరికిన సకినం బల్ల మీదే పెట్టి పోయింది.

ఆరున్నర బస్సు వేళకూ ఆమె రాలేదు. తెర మీద ఏడో కేసు మేడం ఆమోదం కోసం చూస్తున్నది. ఎనిమిదో వరస ఖాళీగా ఉన్నది.