ఇంట్లో మనిషికి జీతమెంత?

"మా ఇంట్లో మనిషిలాగే చూసుకుంటామండీ." పిల్లల కోసం ఇంట్లోనే ఉండే ఆయమ్మని పెట్టుకున్న వాళ్ళెవర్ని కదిపినా మొదట వినపడే మాట ఇదే. చాలామంది నిజంగానే బాగా చూసుకుంటారు, కాదనను. కానీ ఇంట్లో మనిషికి జీతం ఉండదు, వారానికో సెలవు ఉండదు, ఏటా పెంపు అంతకన్నా ఉండదు. అడిగిందంటే "ఇదేంటి, పరాయిదానిలా మాట్లాడుతోంది" అని నొచ్చుకుంటారు. అందుకే ఈ మాటంటే నాకు కాస్త అనుమానం.

మాది ఆదోని, ఉద్యోగాలు బెంగళూరులో. ఇద్దరం సాఫ్ట్‌వేరే. 2017లో చట్టం మార్చి ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలు చేశారు కాబట్టి ఆరు నెలలు ఎలాగో గడిచాయి. ఆ తర్వాత? అమ్మ ఉన్నన్నాళ్ళు ఉండి వెళ్ళింది, అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు. డేకేర్ వాళ్ళు సాయంత్రం ఏడింటికి తలుపులు మూస్తారు, మా క్లయింటు కాల్ మొదలయ్యేదే ఏడింటికి!

ముందు ఒక ఏజెన్సీతో మాట్లాడాం. 11 నెలల ఒప్పందం, ఒక నెల జీతం వాళ్ళకి కమిషను, మనిషి మధ్యలో వెళ్ళిపోతే 'రీప్లేస్‌మెంట్'... కీబోర్డు పాడైతే ఇంకోటి ఇచ్చినట్టు. వారం సెలవు గురించి ఒక్క ముక్క లేదు. పైగా ఆ అబ్బాయి ఫోన్లో ఒక ఉచిత సలహా కూడా పారేశాడు: "ఆధార్ ఒరిజినల్ మీ దగ్గరే పెట్టుకోండి మేడమ్, ఇంక ఎక్కడికీ పోదు." మా పాస్‌పోర్టు హెచ్ఆర్ వాళ్ళు బీరువాలో పెట్టుకుంటామంటే ఊరుకుంటామా? అక్కడితో ఆ ఏజెన్సీకి దణ్ణం పెట్టేశాం.

చివరికి అమ్మే ఊళ్ళో వాళ్ళనీ వీళ్ళనీ అడిగి ఒకామెని కుదిర్చింది. ఉరుకుంద పక్క పల్లె, కౌతాళం మండలం. మా వైపు ఈరన్న స్వామి పేరు పెట్టుకోని ఇల్లుండదు. ప్రతి వీధికీ ఒక ఈరన్న, ఒక ఉరుకుందమ్మ, ఒక ఉరుకుందప్ప తగుల్తారు. ఈమె పేరూ ఆ బాపతే, ఇక్కడ మాత్రం అక్క అనే రాస్తాను.

మా ప్రాంతం తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. పక్కనే తుంగభద్ర పారుతుంది, అయినా కౌతాళం, కోసిగి, పెద్దకడబూరు వైపు చాలా ఊళ్ళు వాన మీదే బతుకుతాయి. పంట చేతికి రాకపోతే ఇళ్ళకి తాళాలేసి గుంటూరు మిరప కోతలకి పోతారు. దాన్నే 'సుగ్గి' అంటారు. పోతే పిల్లల్ని కూడా వెంటేసుకుని పోవాలి, బడి అక్కడితో సరి. పిల్లలు ఆగిపోకుండా ప్రభుత్వం సీజనల్ హాస్టళ్ళు పెడుతుంది గానీ, ఎనిమిదేళ్ళ ఆడపిల్లని అందులో వదలడానికి అక్కకి మనసొప్పలేదు. "సుగ్గికైతే ఇంటిల్లిపాదీ పోవల్లమ్మా. ఈడికైతే నేనొక్కదాన్నే వస్తి, పాప అవ్వ కాడ ఉండి బడికి పోతాది" అంది వచ్చిన మొదటి రోజే. అంటే మా పాపని ఎత్తుకోవడానికి ఆమె తన పాపని వదిలి వచ్చింది, తన పాప బడి మానకుండా ఉండటం కోసమే వచ్చింది. ఈ రెండూ నిజమే. జీతం లెక్క వేసేటప్పుడు రెండూ గుర్తుండాలి.

ఇక లెక్క. నెలకి 22,000 అని మాట్లాడుకున్నాం. అపార్టుమెంటులో విన్నవాళ్ళు "అంతా? తిండీ పడకా మీవే కదా!" అన్నారు. మా ఆయనకి ఎక్సెల్ పిచ్చి, కూర్చుని గంటలు కట్టాడు. పొద్దున ఆరు నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా, మధ్యాహ్నం గంటన్నర నడుం వాల్చడం తీసేస్తే రోజుకి 14 గంటలు. 30 రోజులకి 420. గంటకి 52 రూపాయల చిల్లర. ఇందులో రాత్రి పాప లేచి ఏడిస్తే లేవడం లెక్కలోకి రానేలేదు. మనకి ఆన్‌కాల్ వారం పడితే, పేజర్ మోగినా మోగకపోయినా అలవెన్సు కావాలి. అర్ధరాత్రి ప్రొడక్షన్ పడిపోతే మర్నాడు కాంప్-ఆఫ్ కావాలి. ఆయమ్మ రాత్రిళ్ళు మాత్రం 'ఎలాగూ ఇంట్లోనే ఉంది కదా'లో కొట్టుకుపోతాయి :)

తిండీ పడకా సంగతి కూడా అంతే. ఆన్‌సైట్ వెళ్ళినప్పుడు కంపెనీ హోటల్ గది ఇచ్చిందని జీతంలో కోస్తే మనం ఊరుకోం. పని కోసం మన చోటికి రమ్మన్నది మనం. ఆమెకి ఇల్లు లేక రాలేదు.

చివరికి ఇలా కుదుర్చుకున్నాం. రాత్రిళ్ళు పాప బాధ్యత మాది, ఆమె గదిలో ఆమె పడుకుంటుంది. ఆదివారం సెలవు. నెలకి ఒకరోజు లెక్కన జీతం కోయకుండా సెలవులు, దాచుకుంటే ఒకేసారి వాడుకోవచ్చు. డబ్బు ఒకటో తేదీన ఆమె ఖాతాలోకే, వాళ్ళాయన ఖాతాలోకి కాదు. మొదటి ఆదివారం అక్క ఎక్కడికీ పోలేదు. పోతే ఎక్కడికి పోవాలి? ఇంట్లోనే ఉంటే పాప పాక్కుంటూ వెళ్ళి ఆమె చీర పట్టుకుంటుంది, ఇక సెలవేముంది. తర్వాత వాళ్ళ మండలం వాళ్ళు బిల్డింగు పనులకొచ్చి రేకుల షెడ్లలో ఉంటున్నారని తెలిసింది. ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున్నే అక్కడికి పోయి, రాత్రికి జొన్న రొట్టెలు కట్టుకుని వస్తుంది. ఆ రొట్టెల్లో సగం నావే.

ఇదంతా మా మంచితనం అనుకునేరు. కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళ గురించి అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన 189వ ఒప్పందంలో వారానికి 24 గంటల విడుపు ఉండాలని ఉంది, గుర్తింపు కాగితాలు వాళ్ళ దగ్గరే ఉండాలనీ ఉంది. దానికి ఓటేసిన మన దేశం ఆమోద ముద్ర మాత్రం వేయలేదు. ఇంటిపనికి కనీస వేతనం కర్ణాటకలో 2004లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ప్రకటించారు. ఎంతమంది యజమానులకి తెలుసో మీ ఆఫీసు క్యాంటీన్లో అడిగి చూడండి. 2025 జనవరిలో సుప్రీం కోర్టు వీళ్ళ కోసం చట్టం సంగతి పరిశీలించడానికి కమిటీ వేయమని కేంద్రానికి చెప్పింది.

అమెరికాలో ఉన్న మిత్రులకి 2013 డిసెంబరు గుర్తుండే ఉంటుంది. న్యూయార్క్‌లో మన దౌత్యాధికారి దేవయాని ఖోబ్రగడేని అరెస్టు చేశారు. ఆయమ్మకి గంటకి 9.75 డాలర్లిస్తామని వీసా కాగితాల్లో రాసి, అసలు అందులో చాలా తక్కువే ఇచ్చారన్నది ఆరోపణ. ఆవిడ కాదన్నారు. కేసు సంగతి పక్కన పెట్టండి. ఇక్కడ గొడవంతా అధికారిని తనిఖీ చేసిన తీరు మీదే నడిచింది. ఆయమ్మకి గంటకి ఎంత ముట్టిందన్నది ఎవరికీ పట్టలేదు.

మా అసలు పరీక్ష శ్రావణంలో వచ్చింది. ఆ నెలంతా ఉరుకుందలో జాతరే, సోమవారం, గురువారం అయితే ఇసుక వేస్తే రాలదు. కర్ణాటక నుంచి కూడా జనం బళ్ళు కట్టుకుని వస్తారు. కాలవలో మునిగి, భక్ష్యాలు చేసి స్వామికి పెడతారు. "శ్రావణంలో ఒక సోమారం పోయిరావల్లమ్మా, పాపకి మొక్కుబడి ఉండాది" అని అక్క నెల ముందే చెప్పింది. సరిగ్గా అదే వారం మా రిలీజు! అమ్మేమో ఫోన్లో "దేవుడి పని తర్వాత చూసుకోమను, ఈసారికి వెయ్యి ఎక్కువ ఇవ్వు" అంది. వెయ్యి ఇస్తే అక్క ఆగిపోయేది కూడా, ఆ అవసరం ఆమెకుంది. అందుకే ఆ వెయ్యి మాట ఆమె ముందు ఎత్తలేదు. ఆరు నెలల్లో ఆరు రోజులు దాచుకుంది, అవి ఆమెవి. ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్‌కి ఆదోని టికెట్టు తీశాం. మా ఆయన మూడు రోజులు సెలవు పెట్టాడు, నేను మూడు రోజులు. రిలీజు రెండు రోజులు ఆలస్యమైంది. కంపెనీ ఏం మునిగిపోలేదు.

ఏడాది నిండితే జీతం ఎంత పెంచాలన్నది ఇంకా తేలలేదు. మా ఆయన పది శాతం అంటాడు. మాకొచ్చే హైకు ఎంతయితే అంతకి తక్కువ కాకూడదని నేనంటాను, మా మేనేజరు దయ వల్ల రెండూ ఒకటే అయ్యేట్టున్నాయి. అక్కని అడిగితే పెంపు గురించి ఏమీ చెప్పలేదు. బోనసు మాత్రం దీపావళికొద్దు, శ్రావణం ముందు ఇమ్మంది.