ఉబ్బిన కెపాసిటరు

మా యింట బట్టలుతుకు యంత్రము 9 సంవత్సరములుగా పనిచేయుచుండెను. నా తల్లికి 90 ఏండ్లు దాటినవి, మంచము దిగలేదు. ఆమె దుప్పట్లు దినమునకు రెండుమారులు ఉతుకవలెను. నా భార్యకు కుడి మణికట్టు విరిగి అతికినది. కావున ఆ యంత్రము మాకు విలాసవస్తువు కాదు. గత కార్తికమాసమున ఒకనాటి ఉదయమున అది ఆగిపోయెను.

ఆగిన విధము వినుడు. మీట వేయగానే దీపములు వెలుగును. బొత్తాము నొక్కగానే లోపల టక్కుమని చప్పుడగును. వెంటనే దీపములన్నియు ఆరిపోవును. నేను మూడుమారులు నొక్కి చూచి, "మోటారు కాలిపోయినది" అని తీర్పు చెప్పితిని. బడిపంతులుకు తీర్పులు చెప్పుట అలవాటు. విక్రయశాలవారు పంపిన మనిషి మూతయైనను విప్పక, బోర్డు మొత్తము మార్చవలెననియు, 6,500 రూపాయలగుననియు చెప్పి పోయెను. ఆ వారమంతయు నా భార్య ఎడమచేతితోనే దుప్పట్లు పిండినది. నేను సాయపడితిని గాని, నా పిండుట ఆమెకు నచ్చలేదు.

బస్టాండు దగ్గర టెలివిజనులు బాగుచేయు యువకుడొకడు కలడు. ఒకప్పుడు నా శిష్యుడు, దళసరి కంటద్దములవాడు. కబురు పంపగా సాయంకాలమున వచ్చెను.

"ఏమైంది మాస్టారూ?"

"మోటారు కాలినది."

అతడు కాదనలేదు. ప్లగ్గు ఊడదీసి, మొదట మోటారు తీగచుట్లకే మల్టీమీటరు తగిలించెను. "రెండు చుట్లూ సమానంగా ఉన్నాయండీ. మోటారు బాగుంది." అర నిమిషములో నా తీర్పు కొట్టివేయబడినది.

తరువాత బోర్డు వంతు వచ్చెను. దానిపై చెమ్మ తగులకుండ జిగురువంటి పూత యున్నది. అతడు వెంటనే చేయి పెట్టలేదు. ఇంటికి వచ్చు 230 వోల్టుల విద్యుత్తు అక్కడ ఏకముఖముగా మారునప్పటికి సుమారు 325 వోల్టులగునట! ప్లగ్గు తీసినను పెద్ద కెపాసిటరులో కొంతసేపు నిలిచియుండునట! దానిని నిరోధకము ద్వారా ఖాళీచేసి, మీటరులో సున్న చూచిన పిదపనే తాకెను. బాలురారా, ఇది నేర్చినవారు చేయవలసిన పని. నేను సయితము నాలుగడుగుల దూరమున నుంటిని.

మీటరు తీగలను బోర్డుపై నొకచోట తగిలించి, మరల ప్లగ్గు పెట్టెను. మీటరు 12 వోల్టులు చూపెను. "ఇప్పుడు బొత్తాం నొక్కండి మాస్టారూ." నొక్కితిని. టక్కుమనెను, 12 కాస్త 7కు పడిపోయెను, దీపములారినవి.

కారణ మిది. మోటబావిలో బాన విడతలు విడతలుగా నీరు తెచ్చినను, తొట్టి నిండియుండుటచే కాలువ ఎడతెగక పారును. విద్యుత్తు కూడ అట్లే కెరటములుగా వచ్చును. దానిని నిలువచేసి సమముగా నందించు తొట్టియే కెపాసిటరు. తొట్టి చెడినచో రెండు బానల నడుమ కాలువ ఎండును. టక్కుమన్నది రిలే. అది విద్యుత్తును లాగుకొనగానే తక్కిన బోర్డునకు చాలక, యంత్రపు మెదడు నిద్రపోవుచున్నది.

అతడు దీపము దగ్గరకు లాగి, బోర్డుపై మిక్కిలి వంగి చూడసాగెను. అప్పుడు నాకొక పాతమాట జ్ఞాపకము వచ్చినది. ఎనిమిదవ తరగతిలో ఈ బాలుడు నల్లబల్లపై పద్యములను తప్పులతో ఎక్కించుకొనెడివాడు. మందబుద్ధియని నిశ్చయించి, నేను వానిని చివరి బల్లకు పంపి, దానిపై నిలువబెట్టెడివాడను. మరుసటి యేట పాఠశాలకు వచ్చిన కంటివైద్యులు చూచి, దూరపుచూపు చాల తక్కువయని చెప్పిరి. నల్లబల్ల అతనికి కనబడనే లేదు.

"ఇదుగోనండీ" అని అతడు చూపెను. చిటికెనవ్రేలి కొనయంత గొట్టము. సమముగా నుండవలసిన దాని నెత్తి పూరీవలె ఉబ్బియున్నది. ఏండ్ల తరబడి వేడికి లోపలి ద్రవము ఎండిపోయినదట. పైన 470 మైక్రోఫారడ్లని వ్రాసియున్నది. విప్పి కొలువగా 60 మిగిలినది. దాని స్థానమున క్రొత్తదానిని, గీత యున్న ఋణధ్రువమును సరిచూచుకొని, టంకము వేసెను. తలక్రిందుగా వేసినచో పగులునట. దాని వెల 15 రూపాయలు. కూలి వలదన్నాడు, నా భార్య 300 బలవంతముగా చేతిలో పెట్టినది.

బొత్తాము నొక్కగా నీరు పడు చప్పుడు వినబడెను. మీటరు 12 నుండి కదలలేదు. "ఇంకో అయిదు నిమిషాలు చూసి వెళ్తానండీ" అని అతడు గట్టుమీద కూర్చుండెను. నేనును ప్రక్కన కూర్చుంటిని. కొంతసేపటికి, "నిన్ను బల్లమీద నిలువబెట్టినది జ్ఞాపకమున్నదా?" అని అడిగితిని.

"ఉంది మాస్టారూ" అని, యంత్రమునుండి చూపు మరల్చకయే చెప్పెను.