లాభము వచ్చిన పిదప సాయము

కొత్తగా వ్యాపారము పెట్టుకొనువారికి ప్రభుత్వము లిచ్చు ధనసహాయములును, పన్ను మినహాయింపులును పల్లెపట్టుల కెట్లు అందుచున్నవో స్వయముగా చూచి వ్రాయుమని సంపాదకులు కోరగా, చిత్తూరు సీమ పడమటి ఊళ్ళను ఎన్నుకొంటిని. అనంతపురమునుండి కృష్ణగిరికి పోవు 42వ నంబరు జాతీయ రహదారి మదనపల్లె, పుంగనూరు, కుప్పములమీదుగా సాగును. నేను దక్షిణపు కొసనుండి బయలుదేరి ఉత్తరమునకు వచ్చితిని. చూడదగినవని చెప్పిన కార్యాలయములును, నమూనాశాలలును, శిలాఫలకములును దారిలో పెక్కులు కలవు. వానిని గూర్చి ఇచట వ్రాయను. మదనపల్లెను అంటియున్న నీరుగట్టువారిపల్లెలో ఒక మగ్గము చెంత విన్నమాట నా మనస్సు నెంతగా పట్టుకొన్నదనగా, తక్కిన ప్రయాణమంతయు ఆ మాటకు పీఠికగా తోచుచున్నది.

ముందుగా చట్టము సంగతి చెప్పవలెను. 2016 జనవరి 16వ తేదీన కేంద్రప్రభుత్వము స్టార్టప్ ఇండియా పథకమును ప్రారంభించినది. ఆ యేటి ఆర్థిక చట్టము ఆదాయపు పన్ను శాసనమున 80-ఐఏసీ యను నిబంధనను చేర్చి, అర్హత పొందిన సంస్థ వరుసగా మూడేండ్ల లాభముపై పన్ను కట్టనక్కరలేదని విధించినది. ఆ మూడేండ్లను తొలి అయిదేండ్లలో ఏరుకొనవలెనన్న నియమము క్రమముగా సడలి పదేండ్లయినది. 2019 నాటి నిర్వచనము ప్రకారము సంస్థ వయస్సు పదేండ్లకును, వార్షిక వ్యాపారము 100 కోట్ల రూపాయలకును మించరాదని యుండెను. అది కంపెనీయో, రిజిస్టరైన భాగస్వామ్యమో, పరిమిత బాధ్యతా భాగస్వామ్యమో కావలెను. కొత్తదనమునైనను, విస్తరింపగల శక్తినైనను చూపవలెను. పన్ను మినహాయింపు దగ్గరకు వచ్చుసరికి సామాన్య భాగస్వామ్యమునకు కూడ చోటు లేదు. 2021లో 945 కోట్లతో వచ్చిన సీడ్ ఫండ్ పథకమున నమూనా తయారీకి 20 లక్షల వరకు గ్రాంటు కలదు, కాని అది కొత్త సంస్థలను సాకు ఇంక్యుబేటరు చేతిమీదుగా రావలెను. రాష్ట్రమున 2025 ఆగస్టులో మంగళగిరియందు రతన్ టాటా ఇన్నొవేషన్ హబ్ ప్రారంభమై, తిరుపతి, అనంతపురము మొదలగు పట్టణములలో దానికి శాఖలు ఏర్పడినవి. ఇవి చెడ్డపనులు కావు. ఆస్తిలేని చదువరి యొకడు కేవలము తన ఆలోచననే పెట్టుబడిగా నిలబడుటకు రాజ్యము చేయూతనిచ్చుట మన దేశచరిత్రలో అరుదుగా జరిగిన కార్యము. దానిని నేను మనసార మెచ్చుకొనుచున్నాను. నా పేచీయంతయు ఆ చేయూత ఎవరి కొలతకు తయారైనదన్నదే.

కుప్పము రైల్వేస్టేషనులో తెల్లవారకముందే జనము కిటకిటలాడుచుండిరి. అన్నపుడబ్బాలు చేతబట్టుకొని బెంగుళూరు బండి కెదురుచూచు మేస్త్రీలు, కావలివాండ్రు, కర్మాగారపు పనివారు, ఇంటింటికి సరకులు చేర్చు కుర్రవాండ్రు. దేశమున స్టార్టప్పులకు పుట్టిల్లని పేరుపడిన నగరము ఇచటికి సుమారు వంద కిలోమీటర్ల దూరముననే యున్నది. కుప్పము బిడ్డలు ఆ స్టార్టప్పుల బరువులు మోయుటకు ప్రతిదినము పోయివచ్చుచున్నారు. ఈ ఊరు ఎవరి కంటికిని ఆనని ఊరా యనిన, కాదు. 1989 నుండి చంద్రబాబునాయుడు గారు ప్రాతినిధ్యము వహించుచున్న నియోజకవర్గమిది; 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయము వెలసిన చోటిది; ఇజ్రాయెలు పద్ధతి బిందుసేద్యమును రైతులు చూచిన నేల యిది.

ఇచ్చటనే 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ రాష్ట్రప్రభుత్వముతో కలిసి మూడేండ్లపాటు ఒక ప్రయోగము జరిపినది. అందులో నాకు మిక్కిలి విలువైనదిగా తోచినది ఒక్కటే: స్వయం సహాయక బృందములలోని కొందరు స్త్రీలకు డిజిటల్ కెమెరాలను, సౌరశక్తితో నడచు ప్రింటర్లను ఇచ్చి ఛాయాగ్రాహకులుగా తీర్చిదిద్దిరి. ఆ స్త్రీలు నిలదొక్కుకొనుటకు హేతువు యంత్రము మాత్రమే కాదు. గుర్తింపుకార్డుల ఫొటోలు కావలసిన ప్రభుత్వ కార్యాలయములే వారికి తొలి కొనుగోలుదారులైనవి. ఎవరో ఒకరు కొనుచున్నారు, కొన్నదానికి డబ్బిచ్చుచున్నారు. కొత్త వ్యాపారమునకు ఇంతకు మించిన గ్రాంటు లేదు. ఈ పాఠమును కుప్పమే నేర్పినది, కుప్పములోనే అది మరుగుపడినది.

పుంగనూరులో ఎక్కువసేపు నిలువలేదు. మూడడుగులైనను ఎత్తులేని ఆ ఊరి ఆవుజాతిని, దాని వెన్నగల చిక్కని పాలను గూర్చి వినని తెలుగువాడుండడు. ఎవరికిని పట్టని కాలమున ఈ జాతిని పలమనేరులోని పశుపరిశోధన కేంద్రమును, ఇండ్లలో ఒకటి రెండావులను సాకుకొనుచు వచ్చిన కొలదిమంది రైతులును కాపాడిరి. 2024 సంక్రాంతినాడు ప్రధానమంత్రి తన నివాసమున ఈ ఆవులకు గ్రాసము పెట్టుచున్న చిత్రములు వెలువడిన పిదప గిరాకి మరింత పెరిగి, దూరప్రాంతముల ధనికులు లక్షలు పోసి కొనజొచ్చిరి. దేశీయ పశుజాతుల రక్షణకై ఏర్పడిన రాష్ట్రీయ గోకుల్ మిషన్ క్రింద మేలుజాతి పెంపకశాలకు పెట్టుబడిలో సగము, రెండు కోట్ల వరకు, రాయితీగా లభించును. అయితే కనీసము 200 పాడిపశువు లుండవలెను. నేను చూచిన రైతు కొట్టమున రెండావులు, ఒక దూడ ఉన్నవి. ఆ జాతిని తండ్రి తాతలనాటినుండి నిలిపిన ఆ యింటికి ఈ పథకమున స్థానము లేదు, నిన్న వచ్చి రెండువందల పశువులను కొనగల శ్రీమంతునికి కలదు. దీనిని చూచి ఊరకుండుట నావల్ల కాలేదు.

మదనపల్లెలో దిగగానే ఎవరైనను టమాటా మార్కెట్టును చూపింతురు. 2018-19 బడ్జెట్టున 500 కోట్లతో ప్రకటించిన ఆపరేషన్ గ్రీన్స్ ఈ ప్రాంతపు టమాటాకు కూడ ఉద్దేశించినదే. 2023 జూలైలో కిలో 150 రూపాయలు దాటిన పంటయే మరొక ఋతువున కోతకూలి గిట్టక రోడ్డుప్రక్కన గుట్టలుపడుటయు ఇచట అందరును ఎరిగినదే. అది వేరొక వ్యాసమునకు తగిన విషయము. నేను నీరుగట్టువారిపల్లెకు పోయితిని.

పట్టుచీరలకు పేరొందిన ఆ వాడలో ఏ సందున నడచినను మగ్గపు చప్పుడు వెంటవచ్చును. నేను పోయిన యింట మగ్గము ఆగియుండెను. పాత పడుగు ముగిసినది. కొత్త పడుగు తెచ్చి దాని కతుకుచున్నారు. దీనినే అచ్చు అతకడమందురు. అరువదేండ్లు దాటిన ఒక తల్లి గుంట అంచున కూర్చుండి, పన్నెలో మిగిలిన పాత పోగు నొకదానిని, కొత్త పడుగునుండి దాని జోడు పోగునొకదానిని బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ చేర్చి, బూడిద అద్దుకొని, ఒక్క పురి త్రిప్పి విడిచిపెట్టుచున్నది. ముడి లేదు. పన్నెగుండా జారిపోవునంత నునుపుగా రెండు పోగులు ఒకటగుచున్నవి. ఇట్టివి వేలకొలది అతకవలెను. ఒక్క పోగు ప్రక్కదానితో తారుమారైనను ఆ తప్పు చీరపొడవునను గీతవలె కనబడును. నేను చూచుచున్నంతసేపు ఆమె వ్రేళ్ళవంక ఒక్కమారైనను చూడలేదు. చూపు వాకిటనున్నది, మాట నాతో నడచుచున్నది, వ్రేళ్ళు తమ పని తాము చేసికొనుచున్నవి. చూపుడువ్రేలి కొసన చర్మము అరిగి నున్నబడి, గీతలన్నియు చెరగియుండెను. రేషను దుకాణమున వ్రేలిముద్ర యంత్రము తనను గుర్తుపట్టదని ఆమె చెప్పినది. పనిచేసి చేసి పోయిన గుర్తును పనిచేసినందుకు నిదర్శనముగా ఏ యంత్రమును ఒప్పుకొనదు గదాయని నాకు బాధ కలిగినది.

ఆమె కుమారుడు కంప్యూటరు చదివినవాడు. బెంగుళూరులో కొంతకాలము పనిచేసి తిరిగివచ్చి, ఈ వాడలో పాతపెట్టెలలో పడియున్న చీరల అంచులను ఫొటో తీసి, వానిని జాకార్డు అట్టలకు సరిపడునట్లు కంప్యూటరుపై గీసి, ఆ నమూనాలను తన మగ్గముమీదను, బంధువుల మగ్గములమీదను నేయించుచున్నాడు. ఇది నూతనత్వము కాదనువారెవరో నాకు తెలియదు. సాయము కోసము ప్రయత్నించితివా యని అడిగితిని.

“పోయినాను సార్. ముందు కంపెనీ పెట్టమన్నారు. కంపెనీ అంటే ఆడిటరు, ఏటేటా లెక్కలు. పెడితే మూడేండ్లు పన్ను లేదంట. పన్ను పడేంత ఆదాయమే ఉంటే నేను సాయం ఎందుకు అడగబోతాను సార్?”

నేను పైన చెప్పిన మాట ఇదే. పన్ను మినహాయింపు లాభములో భాగము. లాభము లేనివానికి దాని విలువ సున్న. తొలియేండ్లలో ఏ వ్యాపారమైనను పెట్టుబడిని మ్రింగునే గాని పన్నుకట్టదగిన లాభమును చూపదు. కోట్ల పెట్టుబడిని వెలుపలినుండి తెచ్చుకొని పదేండ్లలో మూడేండ్లను ఏరుకొనగల సంస్థ కిది వరమే. ఒక మగ్గముతో బయలుదేరినవానికి ఇది అందని వస్తువు. అతనికి కావలసినది నేడు పట్టు కొనుటకు డబ్బు, నేసినచీరకు వేళకు రాబడి.

చిన్నవారికి వేరు పథకములు లేవాయని పాఠకులు అడుగవచ్చును. కలవు. 2008 నుండి ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకము నడచుచున్నది. గ్రామమున జనరల్ వర్గమువారికి పెట్టుబడిలో 25 శాతము, వెనుకబడిన వర్గములు, స్త్రీలు మొదలగువారికి 35 శాతము సబ్సిడీ. అయితే ఆ సొమ్ము చేతికి రాదు. మూడేండ్లు బ్యాంకులో డిపాజిట్టుగా నుండి పిదప అప్పులో జమయగును. అనగా అప్పు మంజూరు కానిదే సబ్సిడీ లేదు. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు పది లక్షల వరకు ఇచ్చు అప్పునకు తాకట్టు అడుగరాదని రిజర్వు బ్యాంకు 2010లోనే ఆదేశించినది. ఈ యువకుడు పోయిన బ్యాంకులో మొదట అడిగినది ఇంటి పట్టాయే. 2023 సెప్టెంబరులో వచ్చిన విశ్వకర్మ పథకము 18 వృత్తులకు పనిముట్లను, చవుక అప్పును ఇచ్చుచున్నది. చేనేతకు వేరు శాఖ కలదన్న కారణమున కాబోలు, ఆ పదునెనిమిదింట నేతపని లేదు. ప్రతి గుమ్మమునను ఇది మా పద్దు కాదనుటయే అతడు వినినది.

రాజ్యము చిన్నపనివానికి అండగా నిలుచుట ఈ నేలకు కొత్త కాదు. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడకమునుపే, మద్రాసు ప్రభుత్వ కొలువునందున్న ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అను ఇంజనీరు నీటి పంపులను, క్రోము చర్మశుద్ధిని, త్వరితగతిని ఆడు నాడెగల మగ్గమును ప్రయోగించి చూపి వ్యాపింపజేయుటకు పాటుపడెను. ప్రభుత్వము పరిశ్రమలలో చేయిపెట్టరాదని 1910లో లండనునుండి మార్లే ప్రభువు ఆ ప్రయత్నమునకు అడ్డుపడెను. 1922లో మద్రాసు శాసనసభ పరిశ్రమలకు ప్రభుత్వ సహాయమిచ్చు చట్టమును చేసినది. చాటర్టన్ పద్ధతిలో నాకు నచ్చినది, అతడు పనివాని యొద్దకు పోయెను. పనివానిని తన నిర్వచనములోనికి రమ్మనలేదు. మన కాలమునను తార్కాణము లేకపోలేదు. ఆసు పోయుటలో, అనగా పోగును మేకులచుట్టు మాటిమాటికి త్రిప్పు పనిలో, తల్లి భుజము పడు బాధను చూడలేక చింతకింది మల్లేశము యేండ్ల తరబడి శ్రమించి 1999 నాటికి ఆసు యంత్రమును సిద్ధము చేసెను. 2017లో పద్మశ్రీ వచ్చినది. ఆ యంత్రము పుట్టినది ఇంక్యుబేటరులో కాదు, నేతవాని యింట.

ఈ విచారణలో నాకు నిజముగా ఆశ కలిగించిన నిబంధన యొకటి కనబడినది, దానిని గూర్చి ఏ ప్రకటనలోను ఎవరును గొప్పగా చెప్పరు. 2006 నాటి చట్టము ప్రకారము చిన్న ఉత్పత్తిదారుని యొద్ద సరకు కొన్నవాడు ఒప్పందమున్న 45 దినములలోను, లేకున్న 15 దినములలోను సొమ్ము చెల్లింపవలెను. ఆలస్యమునకు బ్యాంకు రేటుకు మూడురెట్లు చక్రవడ్డీ. 2023 ఆర్థిక చట్టము దీనికి 43-బి(హెచ్) అను నిబంధనతో బలము చేకూర్చినది: ఆ గడువు దాటించిన కొనుగోలుదారునికి ఆ ఖర్చు నిజముగా చెల్లించిన యేటగాని ఆదాయమునుండి తీసివేయబడదు. ఇది నేతవానికి పైసా ఇయ్యదు. అయినను అతనికి రావలసిన పైసను చీర కొన్న షావుకారు చేతినుండి కదల్చును. ఉద్యమ్ రిజిస్ట్రేషను ఉండిన చాలును, దానికి రుసుము లేదు.

ఇదంతయు ఆ యువకునికి ఉత్సాహముతో వివరించితిని. అతనికి అదివరకే తెలియును.

“రిజిస్ట్రేషన్ ఉందంటే షావుకారు చీర తాకడు సార్. లేనోళ్ళ దగ్గర తీసుకుంటాడు. పోనీ, కంప్లైంటు ఇస్తా. ఇచ్చిన మరుసటి దినం నాకు పట్టు ఎవరిస్తారు?”

తల్లి అప్పుడు తొలిసారి పని ఆపి, “దసరాకు ఇచ్చిన చీరలకు సంక్రాంతికి దుడ్లు, అదీ సగమే నాయనా. అడిగితే వచ్చే పడుగు ఉండదు” అన్నది.

పట్టును అప్పుగా ఇచ్చువాడును, చీరను కొనువాడును ఒక్కడే యైనపుడు ఏ చట్టమును ఆ యింటి గడప దాటి లోనికి రాలేదు. ప్రతి రాష్ట్రమునను చెల్లింపుల వివాదములు తీర్చుటకు కౌన్సిళ్ళు కలవు. వానికి వ్రాసికొనుటకు నేతవాడు ముందు షావుకారును వదలుకొనగలిగి యుండవలెను. ప్రభుత్వము తలచినచో అది కష్టము కాదు. జాతీయ చేనేత అభివృద్ధి సంస్థ ద్వారా దేశీయ పట్టునూలుపై 15 శాతము ధర రాయితీ నిచ్చు పథకము ఇప్పటికే కలదు. ఆ నూలును నీరుగట్టువారిపల్లెలోనే, ఒక్క మగ్గమున్నవానికి ఒక్క పడుగుకు సరిపడునంత, చీర అమ్ముడుపోవువరకు అప్పుగా ఇచ్చు డిపో యొకటి తెరచి, స్టార్టప్ గ్రాంటు పేరున ఒకనికి ఇచ్చు 20 లక్షలను దానికి మూలధనముగా పెట్టినయెడల, ఆ యువకుడు అడిగిన ప్రశ్నకు సమాధానము దొరకును, ఆ పిదపనే అతడు 45 దినముల గడువును షావుకారునకు గుర్తుచేయగలడు.