కాగితం లేని కిక్రి

మంచిర్యాలలో బొగ్గు రైలు పోయేదాకా పాట ఆపి కూర్చోవడం నాకు అలవాటు. ఆ మధ్య అలా ఆపి ఆపి విన్నవి వాన్‌హల్ స్ట్రింగ్ క్వార్టెట్లు. రెండు వయొలిన్లు, ఒక వియోలా, ఒక చెల్లో, అంతే.

యొహాన్ బాప్టిస్ట్ వాన్‌హల్ (1739–1813) వియన్నాలో హైడన్, మోట్సార్ట్‌ల సమకాలికుడు. 1784లో ఒక ఇంట్లో హైడన్, డిటర్స్‌డార్ఫ్ వయొలిన్లు, మోట్సార్ట్ వియోలా, ఇతను చెల్లో పట్టుకుని కలిసి వాయించారని గాయకుడు మైకేల్ కెల్లీ రాసుకున్నాడు. ఆ నలుగురిలో ఇద్దరిని లోకం గుర్తుపెట్టుకుంది, ఇద్దరిని దాదాపు మరిచిపోయింది.

ఆ రోజుల్లో క్వార్టెట్లు నాలుగు వాద్యాలకు నాలుగు విడి పుస్తకాలుగా అచ్చయ్యేవి. అవి గ్రంథాలయాల్లో మిగిలాయి. ఇప్పటివాళ్ళు ఆ నాలుగూ కలిపి రాసుకుని, తప్పులు దిద్దుకుని, రికార్డు చేస్తున్నారు. రెండువందల ఏళ్ళు ఆలస్యమైనా పెద్ద నష్టమేం లేదు. కాగితం ఆగుతుంది.

అది వింటున్నప్పుడే నా ఫోన్లో ఉన్న నాలుగు నిమిషాల ముక్క గుర్తొచ్చింది.

మా జిల్లాలోనే, దండేపల్లి మండలం గుడిరేవులో, గోదావరి ఒడ్డున పద్మల్‌పురి కాకో గుడి ఉంది. దండారి రోజుల్లో గోండులు అక్కడికి వచ్చి గుస్సాడీ ఆడతారు. అలాంటి ఒక రోజు, జనానికి కొంచెం ఎడంగా ఒక ప్రధాన్ పెద్దాయన కిక్రి పట్టుకుని కూర్చున్నాడు. ప్రధాన్లు గోండుల వంశకథలు తరతరాలుగా పాడుతున్నారు. మూడు తీగలు, ఒక కమాను. గొంతు ఎటు పోతే కిక్రి అటు పోతుంది.

"తాతా, పాట వద్దు, ఒట్టి కిక్రి వాయించు, రికార్డు చేస్కుంట" అన్నాను.

ఆయన నవ్వాడు. "కథ లేకుంట ఇదొక్కటి ఏం మాట్లాడ్తది సారూ?"

అయినా నా మాట కాదనలేక వాయించాడు. నాలుగు నిమిషాలకు డోళ్ళు మొదలై కిక్రి వినబడకుండా పోయింది. నేను థాంక్స్ చెప్పి వచ్చేశాను. పేరు అడగలేదు. ఊరు అడగలేదు. అది ఏ వంశం కథలోదో కూడా అడగలేదు. మరుసటేడు వెళ్తే ఆయన కనబడలేదు. పేరు తెలియకుండా ఎవరినని అడగను?

హైడన్‌దని చాలాకాలం లోకం మెచ్చుకున్న 'సెరెనేడ్' నిజానికి హాఫ్‌స్టెటర్ అనే సన్యాసి రాసి ఉంటాడని 1960లలో పరిశోధకులు పాత ప్రతులు చూసి చెప్పారు. తప్పు పేరునైనా కాగితం దిద్దుకోనిస్తుంది. నా ముక్కకు దిద్దడానికి అసలు పేరే లేదు. అరుదైన వాద్యం నా దగ్గర ఉందని ఇన్నాళ్ళూ గొప్పగా వినిపిస్తూ వచ్చాను. వాద్యం చప్పుడు తెచ్చుకున్నాను, మనిషినీ కథనూ అక్కడే వదిలేశాను.

ఈ దండారికి నోటుబుక్కు పట్టుకుపోతున్నాను. ముందు పేరు, ఊరు, కథ ఎవరిది, ఎవరి దగ్గర నేర్చుకున్నారు. రికార్డింగు ఆ తర్వాతే. అదీ డోళ్ళ పక్కన కాదు, వాళ్ళ ఇంటి దగ్గర, కథతో సహా, వాళ్ళు చాలనేదాకా.

వాన్‌హల్ ఇంకో వందేళ్ళయినా ఆగగలడు.