బుల్లెట్ పొడవు, గొట్టం మెలిక

పోలీసు ఆర్మరర్‌గా నా ఉద్యోగమంతా బెల్ ఆఫ్ ఆర్మ్స్ అనే పోలీసు ఆయుధాల గదిలో, గన్ ఆయిల్ వాసన మధ్యే గడిచింది. రిటైరై రేణిగుంటలో ఇల్లు కట్టుకున్నాక కూడా తుపాకుల సందేహాలు నన్ను వెతుక్కుంటూ వస్తూనే ఉన్నాయి. మొన్నటిది కాలిఫోర్నియా నుంచి వచ్చింది. మా తమ్ముడి కొడుకు అక్కడ లైసెన్సు తీసుకుని అడవి పందుల వేటకు పోతుంటాడు.

"పెదనాయనా, కొత్త బుల్లెట్లు అడ్డంగా పడతాండాయి. రైఫిల్ పాడైపోయిందంటావా?" అంటూ టార్గెట్ కాగితం ఫొటో పంపాడు. బెజ్జాలు గుండ్రంగా లేవు. ఒకచోటైతే ముక్కు నుంచి అడుగు దాకా బుల్లెట్ పక్కవాటు ఆకారమంతా కాగితం మీద తెగి ఉంది.

గొట్టం అరిగినా ఇలాగే పడతాయి. అందుకే పాత సీసం బుల్లెట్లు ఎలా పడుతున్నాయని ముందు అడిగాను. అవి చక్కగా ఒకే చోట పడుతున్నాయన్నాడు. అంటే గొట్టం బాగానే ఉంది, తేడా బుల్లెట్‌లోనే.

కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి వేటకు సీసం గుళ్లు పూర్తిగా నిషేధం. వేటగాళ్లు వదిలేసిన కళేబరాల్లోని సీసం తిని కాండోర్ రాబందులు చచ్చిపోతుంటే తెచ్చిన చట్టం అది. మంచి పని చేశారు. దాంతో మావాడూ రాగి బుల్లెట్లకు మారాడు. రాగి సీసం కంటే తేలిక. అదే బరువు, అదే లావు ఉండాలంటే బుల్లెట్‌ను పొడుగ్గా చెయ్యక తప్పదు. పొడవు పెరిగేకొద్దీ అది ఇంకా వేగంగా గిర్రున తిరగాలి. తిప్పు చాలని బొంగరం ఒరిగినట్టే బుల్లెట్ కూడా గాల్లో ఒరిగిపోతుంది.

ఆ తిప్పునిచ్చేది గొట్టం లోపలి గాడుల మెలిక. కొలవడం కష్టమేం కాదు. తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, పిడి దగ్గర తేలిగ్గా తిరిగే రాడ్‌కు చిండి గుడ్డ బిగుతుగా చుట్టి లోపలికి తొయ్యాలి. రాడ్ మీద గీసిన గీత ఒక పూర్తి చుట్టు తిరిగి మళ్లీ పైకి వచ్చేసరికి రాడ్ ఎన్ని అంగుళాలు లోపలికి పోయిందో, అదే మెలిక. వాడి .308 రైఫిల్‌లో (ఆ అంకె అంగుళాల్లో బుల్లెట్ వ్యాసం) 12 వచ్చింది.

ఇక లెక్క. ఇంగ్లండులోని వూలిచ్‌లో ఫిరంగి దళ అధికారులకు గణితం చెప్పిన గ్రీన్‌హిల్ 1879లో ఇచ్చిన సూత్రం నేటికీ పనికొస్తోంది. బుల్లెట్ వ్యాసం వర్గాన్ని 150తో గుణించి పొడవుతో భాగించాలి. వాడు కొన్న 180 గ్రెయిన్ల బరువున్న రాగి బుల్లెట్ పొడవు 1.4 అంగుళాలు. లెక్క వేస్తే 10 చిల్లర వచ్చింది. అంటే పదంగుళాలకొక చుట్టు తిరగాల్సిన బుల్లెట్‌ను పన్నెండంగుళాల మెలికలో పేల్చాడన్నమాట.

బరువు ఒక్కటే చూస్తే మోసపోతామని నాకు నేర్పింది .303 రైఫిల్. దాని పాత మార్క్ 6 బుల్లెట్ 215 గ్రెయిన్లు, 1910లో వచ్చిన మార్క్ 7 174 మాత్రమే. అంత బరువు తగ్గినా ముక్కులో అల్యూమినియం పెట్టడంతో పొడవు పెద్దగా తగ్గలేదు. పదంగుళాల మెలిక రెంటికీ సరిపోయింది.

లావూ చూడాలనడానికి మరో ఉదాహరణ: మా ఊరి నుంచి కడప రైలెక్కితే వచ్చే మామండూరులో నరభక్షక పులిని వేటాడిన కథ రాసిన కెన్నెత్ ఆండర్సన్ చేతిలో ఉన్నది .405 వించెస్టర్. దాని బుల్లెట్ 300 గ్రెయిన్లు. బరువు ఎక్కువే అయినా లావుగా, మొండి ముక్కుతో ఉండేది కాబట్టి దానికి నిదానపు మెలికే చాలు. ఆ అడవి ఇప్పుడు శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు. 1972 వన్యప్రాణి చట్టం కింద సరదా వేట ఇప్పుడు మన దగ్గర నేరం. కాబట్టి ఇక్కడ ఈ లెక్క షూటింగ్ రేంజికే.

మావాడికి 130 గ్రెయిన్ల రాగి బుల్లెట్ తీసుకోమన్నాను. పొట్టిది, వేగమూ ఎక్కువ, పందికి చాలు. మీలో లైసెన్సు ఉన్నవాళ్లు కొత్తరకం తూటాల పెట్టె కొనేముందు బుల్లెట్ పొడవెంతో, దానికి ఎంత మెలిక కావాలో తయారీదారు ఇచ్చిన వివరాల్లో చూసి, మీ గొట్టంతో పోల్చుకోండి.