బే ఏరియా పెరట్లో పళ్లచెట్లు

పళ్లచెట్టు ఎంపిక పెరట్లో పడే చలితో మొదలవుతుంది. కడియం నర్సరీలో అంటుమొక్క కొనేవారికి ఈ ఆలోచన రాదు. గోదావరి గట్టున నీళ్లు గడ్డకట్టే రాత్రి ఉండదు. అమెరికాలో ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబం మాత్రం మొక్కకన్నా ముందు తన ఊరి జోన్ చూసుకోవాలి. ఆ దేశ వ్యవసాయ శాఖ 1991 నుంచి 2020 వరకు ఏటా నమోదైన అత్యల్ప ఉష్ణోగ్రతల సగటు తీసి, దేశాన్ని 13 జోన్లుగా విడదీసిన పటాన్ని 2023లో విడుదల చేసింది. కాలిఫోర్నియా బే ఏరియాలోని శాన్ హోసే, ఫ్రీమాంట్ ప్రాంతాలు 9, 10 జోన్ల పరిధిలోకి వస్తాయి. డాలస్ 8లో, న్యూజెర్సీలో తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఎడిసన్ 7లో ఉన్నాయి.

జోన్ చెప్పేది సగటే. అన్నింటికన్నా చల్లని రాత్రి ఎలా ఉంటుందో అది చెప్పదు. 2021 ఫిబ్రవరి 16న డాలస్‌లో ఉష్ణోగ్రత మైనస్ 19 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోయింది. ఆ జోన్‌కు సరిపోతాయని నమ్మి నాటిన చెట్లు కూడా ఎన్నో ఆ వారంలో పోయాయి.

బే ఏరియాలో మంచు ముప్పు అంత లేదు. అయినా మామిడి మీద ఆశ పెట్టుకోకపోవడమే మంచిది. ఉష్ణోగ్రత సున్నాకు ఒకటి రెండు డిగ్రీలు కిందికి దిగితే లేత మామిడి మొక్క చచ్చిపోతుంది. గోడ వారన నాటి, దుప్పటి కప్పి బతికించుకున్నా, పూత సమయంలో రాత్రులు చల్లగా ఉంటే పిందె నిలవదు. జామ కొంత నయం. దక్షిణం వైపు గోడ దగ్గర ఎండ తగిలే చోట కాస్తుంది. చలి ఎక్కువ పడే పెరడైతే ఫెయిజోవా నాటుకోవచ్చు. అమెరికన్లు దీన్ని పైనాపిల్ గ్వావా అంటారు. జామకు చుట్టమే గానీ చలిని బాగా తట్టుకుంటుంది.

చలి లేకపోవడమూ కొన్ని చెట్లకు కష్టమే. ఆకు రాల్చే చెట్లయిన ఆపిల్, చెర్రీ, పీచ్, ప్లమ్, ఆప్రికాట్‌లకు శీతకాలంలో నిద్ర కావాలి. 0 నుంచి 7 డిగ్రీల మధ్య చెట్టు గడిపిన గంటలను చిల్ అవర్స్ అంటారు. ఆ లెక్క పూర్తికాకపోతే వసంతంలో మొగ్గ సరిగా విచ్చదు, పూత చెదురుమదురుగా వస్తుంది, కాపు పడిపోతుంది. బింగ్ చెర్రీకి సుమారు 700 గంటలు కావాలి. సముద్రానికి దగ్గరున్న ఊళ్లలో అది అందదు. అలాంటి చోట మినీ రాయల్, రాయల్ లీ అనే చెర్రీ జంట మేలు. ఆపిల్‌లో ఇజ్రాయెల్‌లో పుట్టిన ఆనా రకానికి 200, 300 గంటలు చాలు. ఏ ప్రాంతంలో ఏటా ఎన్ని గంటల చలి పడుతోందో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖ లెక్కగట్టి అందరికీ అందుబాటులో ఉంచుతోంది. కొనేముందు ఆ అంకెనూ, చెట్టుకు కట్టిన చీటీ మీది అంకెనూ పోల్చి చూసుకోవాలి.

బే ఏరియా నేల అసలు పళ్లతోటలదే. కంప్యూటర్ కంపెనీలు రాకముందు శాంటా క్లారా లోయ ప్రూన్లకు, ఆప్రికాట్లకు పేరుపడింది. సన్నీవేల్ కమ్యూనిటీ సెంటర్ పక్కన నగరం కాపాడుతున్న ఆప్రికాట్ తోటలో ఆనాటి బ్లెన్‌హైమ్ రకం చెట్లు ఇప్పటికీ కాస్తున్నాయి. ఆ పండు మెత్తగా ఉంటుంది, దూర రవాణాకు నిలవదు, అందుకే దుకాణాల్లో అరుదు. పెరట్లో పెంచుకోవడానికి ఇంతకన్నా మంచి కారణం అక్కర్లేదు. శాంటా రోసా ప్లమ్ కూడా అలాంటిదే. కొత్త మొక్కల రకాలు సృష్టించిన లూథర్ బర్బాంక్ 1900ల తొలి ఏళ్లలో అదే పేరుగల ఊళ్లో దాన్ని తయారుచేశాడు. దానికి మరో చెట్టు పుప్పొడితో పనిలేదు, ఒంటరిగానే కాస్తుంది.

పుప్పొడి సంగతి చాలామంది అడగకుండానే కొనేస్తారు. తీపి చెర్రీలలో చాలా రకాలకూ, పీచ్, ఆప్రికాట్ తప్ప మిగతా ఆకురాల్చే చెట్లలో అనేక రకాలకూ తోడు చెట్టు కావాలి. ఆ తోడు అదే సమయంలో పూయాలి కూడా. ఒక్క చెట్టుకే చోటున్నవారికి ఫుయు పర్సిమన్, బ్లాక్ మిషన్ అంజూర, దానిమ్మ సరిపోతాయి. ఫుయు గట్టిగా ఉన్నప్పుడే కోసుకు తినవచ్చు. హచియా రకం పూర్తిగా మెత్తబడేదాకా వగరు పోదు. దానిమ్మకు వేసవి వేడి ఎక్కువ కావాలి కాబట్టి ఫ్రీమాంట్ దాటి లోపలికి వెళ్లేకొద్దీ పండు ఎర్రబడుతుంది, తీపెక్కుతుంది. రేగు మీద మమకారం ఉన్నవారు లీ, లాంగ్ అనే చైనా రకాలు చూడవచ్చు. మన నాటురేగు మంచును తట్టుకోదు గానీ ఇవి గడ్డకట్టే చలిలోనూ బతుకుతాయి.

పండు రకం పేరు చీటీ మీద పెద్దగా ఉంటుంది, అంటు కట్టడానికి ఆధారమైన వేరుమూలం పేరు చిన్నగా ఉంటుంది, కొన్నిసార్లు అసలుండదు. చెట్టు ఎంత ఎత్తు పెరుగుతుంది, బంకమట్టిని, తడిని ఓర్చుకుంటుందా అనేవాటిని చాలావరకు నిర్ణయించేది వేరుమూలమే. ఆపిల్‌కు ఎం9 వేరైతే చెట్టు పొట్టిగా ఉంటుంది, జీవితాంతం కర్ర ఊతం కావాలి. ఎం111 వేరైతే పెద్ద చెట్టవుతుంది, సొంతంగా నిలబడుతుంది. ప్లమ్, ఆప్రికాట్‌లకు వాడే సిటేషన్ వేరు తడినేలను కొంత ఓర్చుకుంటుంది, ఎత్తునూ తగ్గిస్తుంది. బే ఏరియా పెరళ్లలో చాలావాటిది బంకనేలే. వేరుమూలం పేరు చెప్పలేని నర్సరీలో ఆకురాల్చే చెట్టు కొనకపోవడమే సరైన నిర్ణయం.

కొనే కాలం జనవరి, ఫిబ్రవరి. అప్పుడు చెట్లు మట్టి లేకుండా, ఉత్త వేళ్లతో, తడి రంపపుపొట్టులో కప్పి అమ్మకానికి వస్తాయి. తొట్టిలో పెంచిన చెట్టుకన్నా చవక, రకాలూ ఎక్కువ. ఎంచుకునేటప్పుడు పొట్టులోంచి పైకి తీసి వేళ్లు చూడాలి. అన్ని వైపులకూ పరుచుకుని, విరగకుండా, తడిగా ఉండాలి. బెరడు మీద గోటితో సన్నగా గీస్తే కింద పచ్చగా కనిపించాలి. గోధుమరంగు కనిపిస్తే ఆ కొమ్మ ఎండినట్టే. అర అంగుళం లావున్న కాండం చాలు, బాగా లావైనది త్వరగా కాస్తుందనుకోవడం పొరపాటు. ఇంటికి తెచ్చాక వేళ్లు ఆరిపోనివ్వకూడదు. నాటేముందు కొన్ని గంటలు నీళ్లలో ఉంచి, నాటాక మోకాలి ఎత్తున కాండం నరికేస్తారు. ఆ నరకడానికి చాలామందికి చెయ్యి రాదు. కానీ నరికితేనే కొమ్మలు చేతికందే ఎత్తున వస్తాయి.

వేసవిలో తొట్టి మొక్కే కొనాల్సివస్తే, తొట్టి నుంచి కొద్దిగా లాగి చూడాలి. వేళ్లు గుండ్రంగా చుట్టుకుపోయి ఉంటే వదిలేయాలి. 15 గ్యాలన్ల పెద్ద చెట్టుకన్నా 5 గ్యాలన్లదే త్వరగా నేలలో నిలదొక్కుకుంటుంది.

గొయ్యి తవ్వేముందు 811కు ఫోన్ చేస్తే నేలలోని గ్యాస్, కరెంటు లైన్లకు ఉచితంగా గుర్తులు పెడతారు. అడుగు లోతు గొయ్యి తీసి నీళ్లు నింపితే ఇంకే వేగం తెలుస్తుంది. మరుసటి రోజుకూ నీళ్లు నిలిచి ఉంటే గుట్టలా మట్టి పోసి దాని మీద నాటాలి. అంటు కట్టిన చోటు ఎప్పుడూ నేలకు పైనే ఉండాలి. నేలలో సొరంగాలు తవ్వే గోఫర్లు తిరిగే వీధిలో వేళ్ల చుట్టూ తీగబుట్ట తప్పనిసరి.

నిమ్మజాతి విషయంలో మాత్రం ఎంపికతో పాటు చట్టమూ ఉంది. మేయర్ నిమ్మ చలికి బాగా ఓర్చుకుంటుంది, కానీ పులుపు తక్కువ. పులిహోరకు, నిమ్మకాయ పచ్చడికి యురేకా లేదా లిస్బన్ నయం. మన ఊరి నిమ్మకు దగ్గరిది మెక్సికన్ లైమ్, అది చలికి సులువుగా దెబ్బతింటుంది. వీటన్నిటికీ ముప్పు హెచ్‌ఎల్‌బీ అనే బ్యాక్టీరియా తెగులు. దానికి మందు లేదు, సోకిన చెట్టు చివరికి చచ్చిపోతుంది. దీన్ని మోసే సిలిడ్ అనే చిన్న పురుగు 2008లో కాలిఫోర్నియాలో కనిపించింది. 2012లో లాస్ ఏంజెలెస్ కౌంటీలో తెగులు బయటపడింది. ఆ పురుగు కరివేపాకు లేత చిగుళ్ల మీద కూడా గుడ్లు పెడుతుంది. అందుకే ఇండియా నుంచి తాజా కరివేపాకు తేవడం నిషేధం. క్వారంటైన్ ఉన్న కౌంటీల్లో నిమ్మ, కరివేపాకు మొక్కలను ఒకచోటి నుంచి మరోచోటికి తరలించడం మీదా ఆంక్షలున్నాయి. తెలిసినవారు తమ ఇంటి పిలక ఎంత ఆప్యాయంగా ఇచ్చినా, దయచేసి తీసుకోవద్దు. లైసెన్సున్న నర్సరీలో, ధ్రువీకరణ చీటీ ఉన్న మొక్కనే కొనండి.